ఇరవై మూడో వార్డుకు వచ్చిన 'ను'

గుండ్లమడుగు పురపాలక సంఘం ఇరవై మూడో వార్డులో కుళాయి తిప్పితే నీళ్లు రావు. 'ను' అనే అక్షరంతో పేరు మొదలయ్యే జపాను పాట పాడితే వస్తాయి. ఈ సంగతి కుళాయి దిమ్మె మీద నీలం పలకపై రాసి ఉంది. దాని కింద ఎర్ర రంగుతో 'పాడిన పాట మళ్లీ పాడరాదు' అని కూడా ఉంది.

పైపులు జపాను సహకారంతో వేసినవి కాబట్టి వాటికి జపాను పాటలే అర్థమవుతాయని ప్రారంభోత్సవం రోజునే అధికారులు చెప్పారు. పైపులు పాటలు ఎందుకు వినాలని ఎవరూ అడగలేదు. అంతకు ముందు ఇరవై ఏళ్లపాటు వేరే పైపులు ఉండేవి. వాటిలో నీళ్లు ఎందుకు రావని కూడా ఎవరూ గట్టిగా అడిగింది లేదు. ఇప్పుడు కనీసం ఏం చేస్తే వస్తాయో తెలిసింది కదా అని జనం సంతోషించారు.

వార్డు మొత్తానికి ఒకటే మైకు. దాని పక్కన పాట మాటలు తెలుగు లిపిలో కనిపించే చిన్న తెర, మార్కులు వేసే డబ్బా ఉన్నాయి. మైకు దగ్గర పాట మొదలు కాగానే నూట ఎనభై ఇళ్లలోని కుళాయిలూ ఒక్కసారే తెరుచుకుంటాయి. నాలుగు నిమిషాల పాటకు నాలుగు నిమిషాల నీళ్లు. తొంభై మార్కులు దాటితే ధార బాగుంటుంది. డెబ్బైకి సన్నబడుతుంది. అరవై లోపు గాలి తప్ప మరేమీ రాదు. పట్నాలలో దీన్ని కరోకే అంటారని, అక్కడి జనం తాగి పాడితే ఇక్కడి జనం పాడి తాగుతారని నీటి సరఫరా ఏఈ శ్రీకంఠం ప్రారంభోత్సవ సభలో అన్నాడు. అది హాస్యమని తెలియక ఎవరూ నవ్వలేదు.

ముప్పై ఒక్క వార్డులకు ముప్పై ఒక్క అక్షరాలు. కౌన్సిల్ హాల్లో స్టీలు గంగాళంలో చీటీలు వేసి తీశారు. చైర్మన్ వార్డుకు 'ఆ' వచ్చింది. ఆ అక్షరంతో పదకొండు వేల పాటలున్నాయి. చీటీ తీసే ముందు చైర్మన్ గంగాళంలోకి కాసేపు తొంగి చూసిన మాట నిజమే గానీ, అది దిష్టి తీయడం కోసమని మినిట్స్‌లో నమోదైంది. ఆ రోజు ఇరవై మూడో వార్డు కౌన్సిలర్ ఓబులపతి బెంగళూరులో పెళ్లికి వెళ్లాడు. అందరూ తీసుకోగా గంగాళం అడుగున మిగిలిన చీటీని అటెండరు అతని కుర్చీలో పెట్టాడు. దాని మీద 'ను' అని ఉంది. ఆ అక్షరంతో మొదలయ్యే జపాను పాటలు మొత్తం రెండు వందల పదమూడు.

మొదటి పాట పాడే గౌరవం కౌన్సిలరుకే దక్కింది. ఓబులపతి పూలదండ తీయకుండానే పాడాడు. నలభై ఒక్క మార్కులు వచ్చాయి. నూట ఎనభై కుళాయిలు మూడు నిమిషాలపాటు బుస కొట్టి ఆగిపోయాయి. రెండు వందల పన్నెండు మిగిలాయి.

ఆ మర్నాడు మైకు పట్టుకున్నది పీరమ్మ. నలభై ఎనిమిదేళ్ల మనిషి. ఆమె భర్త హుస్సేనప్ప దూది ఏకుతాడు, ఆమె పరుపులు కుడుతుంది. ఏటా పీర్ల పండక్కి ఆమె పాడితే మూడు వీధుల అవతలికి వినిపించేది. ఆ రోజు ఆమె పాడడానికి రాలేదు, రెండు కడవలు పట్టుకుని దిమ్మె కుళాయి దగ్గర వరుసలో నిలబడింది. ముందున్న వాళ్లంతా మైకు చూసి సిగ్గుపడి పక్కకు తప్పుకున్నారు. కాబట్టి వరుసలో ఆమె మొదటిదైంది. పాడింది. తొంభై నాలుగు మార్కులు. ఆమె ఇంటి పక్కనే ఉండే గంగరత్నమ్మ వాకిట్లో గొట్టం ధార దెబ్బకు ఎగిరి గోడ మీద పడింది.

అప్పటినుంచి వార్డుకు పీరమ్మే గొంతు. పొద్దున ఒక పాట, సాయంత్రం ఒక పాట. పాడిన ప్రతి పాటనూ హుస్సేనప్ప పాటల పుస్తకంలో బొగ్గుతో కొట్టేసేవాడు. పుస్తకం నల్లబడే కొద్దీ ఫిబ్రవరి మార్చిలోకి వెళ్లింది.

ఏఈ శ్రీకంఠం మంచివాడు. కోనసీమ నుంచి బదిలీ మీద వచ్చాడు. నీళ్ల మధ్య పుట్టిన మనిషి కావడంతో నీళ్లు రాకపోవడం అతనికి ఇంకా వింతగానే ఉండేది. పాటల అర్థాలు తెలిస్తే మార్కులు పెరుగుతాయేమోనని ఒక నిఘంటువు తెప్పించుకుని, పీరమ్మకు వారం వారం అర్థాలు రాసిచ్చేవాడు. అలా ఆమెకు తెలిసిందేమిటంటే, ముందు రోజు తాను పెళ్లిపాటలా ఊపుగా పాడిన 'నుకదోకో నో ఆసా' అనే పాట, చనిపోయిన తల్లి వదిలి వెళ్లిన ఊరగాయ కుండను రోజూ కలిపే ఒక కూతురి గురించి. పీరమ్మ ఆ రోజంతా పరుపు కుట్టలేదు. సాయంత్రం అలాంటిదే ఇంకో పాట వస్తే దాన్ని పాడాల్సినట్టు పాడింది. తొంభై ఎనిమిది వచ్చాయి. నీళ్లు ఉప్పగా వచ్చాయి.

గంగరత్నమ్మ ఇంట్లో కందిపప్పు ఎంతకీ ఉడకలేదు. ఆమె గిన్నె పట్టుకుని వచ్చి పీరమ్మ అరుగు మీద కూర్చుంది.

"ఏడుపు పాటయితే ముందే చెప్పల్ల కదక్కా. తాగే నీళ్లు పట్టుకుంటిమి."

ఇది సమంజసంగానే ఉందని పీరమ్మకు తోచింది. మర్నాటి నుంచి సంతోషం పాటలు పొద్దున తాగడానికి, దుఃఖం పాటలు సాయంత్రం బట్టలు ఉతకడానికి అని పలక మీద రాశారు. 'ను' అక్షరంలో దుఃఖం పాటలే ఎక్కువ ఉండడంతో ఆ వార్డువాళ్ల బట్టలు ఊరందరి బట్టలకన్నా తెల్లగా ఉండేవి.

ఏప్రిల్‌లో హుస్సేనప్ప లెక్క చూసి, రోజుకు రెండు చొప్పున పాడితే మే పదిహేడుకు పుస్తకం అయిపోతుందని చెప్పాడు. వార్డు పెద్దలు పక్కనున్న ఇరవై రెండో వార్డుకు వెళ్లారు. వాళ్లది 'హ'. తొమ్మిది వేల పాటలున్నాయి. కొన్నాళ్లు మీ కుళాయిల దగ్గర పట్టుకుంటామని వీళ్లు అడిగితే, మా పాటలు మా మనవళ్లకు కూడా ఉండాలి కదా అని వాళ్లు మర్యాదగానే చెప్పి, మజ్జిగ ఇచ్చి పంపారు. ఆ రాత్రి వార్డులో ఎవరో గోడ అవతల విని నేర్చుకున్న 'హ' పాట ఒకటి మైకులో మెల్లగా పాడారు. కుళాయిలు తెరుచుకున్నాయి గానీ నీళ్లు బయటికి రాలేదు, లోపలికి పోయాయి. గొట్టం డ్రమ్ములో వదిలేసి పడుకున్న వాళ్లందరి డ్రమ్ములూ తెల్లారేసరికి ఖాళీ. రెండో రోజు పురపాలక సంఘం ఆ నీళ్లు ముట్టినట్టు ఇంటింటికీ రసీదు పంపింది.

పీరమ్మ ఏఈ ఆఫీసుకు వెళ్లింది. అక్షరం మార్చమని అర్జీ పెట్టుకుంది. అక్షరం మార్చాలంటే ముప్పై ఒక్క వార్డులూ ఒప్పుకోవాలని, 'ఆ' వార్డు ఒప్పుకోదని శ్రీకంఠం చెప్పాడు. తర్వాత లేచి తలుపు దగ్గరగా వేసి, ఒప్పందం కాగితాల్లో నూట పన్నెండో పేజీ తీశాడు.

"కొత్త పాటలు రాసుకోవచ్చండి. పేరు 'ను'తో మొదలవ్వాలి. జపాను భాషలో ఉండాలి. అబద్ధం ఉండకూడదు. ఇంకొకటండి, ఆ దేశస్థుడు ఎవరో ఒకరు తనకు తెలియకుండా ఆ పాట కూనిరాగం తీసుండాలి."

"తెలిసి తీస్తే?"

"చెల్లదండి."

పీరమ్మ కాసేపు ఆలోచించి, తనకు తెలిసింది కుట్టుపని ఒక్కటేనని చెప్పింది. కుట్టే సూదిని జపాను భాషలో ఏమంటారని అడిగింది. శ్రీకంఠం నిఘంటువు తిరగేసి 'నుయిబారి' అన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

పది రోజులు కూర్చుని ఆమె తెలుగులో చెబుతుంటే అతను నిఘంటువు చూసి రాశాడు. పాట పేరు 'నుయిబారి సాన్‌బోన్', అంటే మూడు సూదులు. పెళ్లయిన ఏడాది కొన్న సూదుల్లో ఒకటి విరిగింది, ఒకటి పరుపులోనే ఉండిపోయి ఎవరి నిద్రలో గుచ్చుకుందో తెలియలేదు, ఒకటి ఇంకా ఉంది. పాటలో ఉన్నది అంతే. రాగం పీర్లపాటది. పీరమ్మ పాడింది రికార్డు చేసి, మూడు ప్రతులతో పంపారు.

మే పదిహేడున పుస్తకంలో చివరి పాట నల్లబడింది. మూడు రోజులు వార్డువాళ్లు ఊరి బయట కంకర క్వారీలో నిలిచిన నీళ్లకు వెళ్లారు. నాలుగో రోజు జపాను నుంచి కవరు వచ్చింది. ఫలానా ఊళ్లో ఒక బస్సు డ్రైవరు ఎర్రదీపం దగ్గర ఆగి ఉండగా ఈ పాట కూనిరాగం తీశాడని, ఏం పాడుతున్నావని అడిగితే నేనేమీ పాడలేదన్నాడని, దానికి ప్రయాణికులు పదకొండు మంది సాక్షులని అందులో ఉంది. పాట నమోదైంది. ఆ సాయంత్రం నీళ్లు ఆరు నిమిషాలు వచ్చాయి. గంగరత్నమ్మ ఇంట్లో ఉన్న ప్రతి పాత్రా నింపి, చివరికి పూజ గంట కూడా తిరగేసి పట్టింది.

కానీ పాడిన పాట మళ్లీ పాడరాదు. కాబట్టి పీరమ్మ రోజుకొక పాట రాయడం మొదలుపెట్టింది. అక్కడ ఆ బస్సు డ్రైవరుకు అలవాటైపోయి, ఏది పంపినా మర్నాటికి తెలియకుండానే పాడేవాడు. తడిసిన చాప మీద, చల్లారిన టీ మీద, మళ్లీ రంగు వేసిన గోడ మీద, కాలి నుంచి ఊడిరాని మేజోడు మీద, ఇలా జపాను భాషలో 'ను'తో మొదలయ్యేవన్నీ ఒక్కొక్కటే పాటలయ్యాయి. పాటలో అబద్ధం ఉంటే డబ్బా యాభై దాటనిచ్చేది కాదు. అందుకని ఏ రోజు ఏది కావాలో చెబితే వార్డువాళ్లు దాన్ని నిజం చేసి పెట్టేవారు. ఒకరు టీ చల్లార్చేవారు. ఒకరు గోడకు మళ్లీ రంగు వేసేవారు.

జూన్ మొదటి వారంలో 'నుసుబితో' వంతు వచ్చింది. అంటే దొంగ. కుళాయి దిమ్మె దగ్గర వార్డు సభ పెట్టారు. దొంగ పాట రాయాలంటే వార్డులో ఒక దొంగ ఉండాలని పీరమ్మ వివరించింది. మన వార్డులో దీనికి అనుభవం ఉన్న వాళ్లెవరని గంగరత్నమ్మ అడిగింది. ఎవరి మనసులోనూ చెడు ఉద్దేశం లేదు గానీ, అందరి చూపూ ఓబులపతి మీదికే వెళ్లింది. ఆయన తల వంచుకుని కొంచెంసేపు ఆలోచించాడు.

"వార్డు కోసరం అంటే కాదనలేను," అన్నాడు. "పద్ధతి ప్రకారం చేద్దాం."

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించారు. ఓబులపతి మొదట తన సైకిలే దొంగిలిస్తానన్నాడు. సొంత వస్తువు చెల్లదని పీరమ్మ చెప్పింది. అక్కర్లేని వస్తువు కూడా చెల్లదని, పోతే నొప్పి తెలియాలని శ్రీకంఠం నిబంధన చదివాడు. దాంతో వార్డులో పోతే నొప్పి తెలిసే వస్తువు ఏదని వెతికారు. హుస్సేనప్ప దూది ఏకే విల్లు దొరికింది. అతని తాత నుంచి వచ్చిన విల్లు. హుస్సేనప్ప దాని దుమ్ము తుడిచి పెట్టాడు. మర్నాడు పొద్దున పదకొండు గంటలకు ఓబులపతి రిబ్బను కత్తిరించి హుస్సేనప్ప ఇంట్లోకి వెళ్లి, విల్లు భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. పీరమ్మ పాట తొంభై ఏడు మార్కులు తెచ్చింది. ధార ఏడు నిమిషాలు ఆగలేదు.

సాయంత్రం విల్లు తెచ్చుకుందామని హుస్సేనప్ప వెళ్లాడు. ఓబులపతి నిజంగానే ఇవ్వబోయాడు. ఈలోగా శ్రీకంఠం మోటారు సైకిలు మీద వచ్చి ఆపాడు. దొంగిలించినది తిరిగి ఇస్తే పాట అబద్ధమవుతుందని, అబద్ధమైన పాటకు వచ్చిన నీళ్లు వెనక్కి పోతాయని, నూట ఎనభై ఇళ్లలో అప్పటికే వంటలు అయిపోయాయని చెప్పాడు. హుస్సేనప్ప వంటలు చేసుకున్న ఇళ్లవైపు చూశాడు.

"ఉండనీలేన్నా," అన్నాడు ఓబులపతితో. "గోడకు నిలబెట్టుకో. కింద పెడితే నారి వదులైతాది."

ఆ తర్వాత అతను దూదిని చేత్తోనే చిక్కు తీసేవాడు. రోజుకు ఒక పరుపు అయ్యేది నాలుగు రోజులకు ఒకటి అయింది.  రాత్రుళ్లు పీరమ్మ అతని వేళ్లకు కొబ్బరినూనె రాసేది.

జూన్ చివర్లో పీర్ల పండగ వచ్చింది. పీర్లు లేచాయి, డప్పులు మొదలయ్యాయి. ఎప్పటిలాగే ముందు పాడమని జనం పీరమ్మకు దారి ఇచ్చారు. ఆమె నోరు తెరిచింది. జపాను మాటలు వచ్చాయి. ఆపి, మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అవే. చిన్నప్పటి నుంచి పాడిన పాట మొదటి మాట ఏమిటో ఆమెకు ఎంతకీ గుర్తు రాలేదు. తప్పు ఆమెది మాత్రమే కాదు. ఆమె గొంతు వినగానే గుంపులో సగం మంది అలవాటు కొద్దీ కడవల కోసం ఇళ్లకు పరిగెత్తారు. పీర్లు కాసేపు ఆగి, డప్పుతోనే ముందుకు సాగాయి. వీధి చివరి దాకా పీరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నడిచింది.

జులై నెలాఖరుకు నిఘంటువులో 'ను' పేజీలు అయిపోయాయి. శ్రీకంఠం చివరి మాట కింద గీత గీసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వార్డువాళ్లు క్వారీ దారి పట్టారు. వారం తర్వాత అతను ఒక కాగితాల కట్టతో వార్డుకు వచ్చాడు. ఇరవై మూడో వార్డు తనకు కేటాయించిన పాటలన్నీ పూర్తిగా వాడుకున్న మొట్టమొదటి వార్డు కాబట్టి, అక్కడ పథకం నూటికి నూరు శాతం పూర్తయినట్టు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇంటికొక సంతకం, పాడిన మనిషిగా పీరమ్మ సంతకం విడిగా కావాలి. సంతకాలయ్యాక పీరమ్మకు శాలువా కప్పి, మైకు, తెర, డబ్బా విప్పి తీసుకెళతారు.

వార్డు చరిత్రలో మొదటిసారి జనం సంతకం పెట్టేది లేదన్నారు. గట్టిగా కూడా అన్నారు. గంగరత్నమ్మ కాగితాల మీద ఖాళీ బిందె బోర్లించి దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. పీరమ్మ అందరి తరఫునా మాట్లాడింది.

"నీళ్లు లేకపోతే పూర్తయింది అంటారేంది సార్? మా గొంతు తీసుకున్నారు, మా ఇంటాయన విల్లు తీసుకున్నారు. వేరే అక్షరం ఇయ్యండి. ఇచ్చేదాకా మైకు విప్పనీయం."

శ్రీకంఠానికి ఆమె మాటలో తప్పేమీ కనిపించలేదు. ఉత్తర్వును వెనక్కి పంపుతానని, తన ఉద్యోగానికి ఏమైనా సరేనని అన్నాడు. బిందె కింద నుంచి కట్ట లాగి సంచిలో పెట్టుకోబోతుంటే అందులోంచి ఒక కవరు జారిపడింది. జపాను నుంచి పీరమ్మ పేరిట వచ్చింది. అతను అక్కడే నిలబడి చదివి తెలుగులో చెప్పాడు.

రాసినామె పేరు ఒబాతా త్సురుకో. కొండల మధ్య ఒక చిన్న ఊళ్లో బట్టలు ఉతికే కొట్టు నడుపుతుంది. మూడు సూదుల పాట విని, రాసిన మనిషి చిరునామా కనుక్కుంది. ఒప్పందం ప్రకారం వాళ్ల ఊళ్లో పైపులు గుండ్లమడుగు నుంచి వెళ్లాయని, వాటికి తెలుగు పాటలే తెలుసని, పేటకొక తెలుగు అక్షరం ఇచ్చారని రాసింది. వాళ్ల పేటకు వచ్చిన అక్షరం 'ణ'. మూడేళ్లయింది. ఆఫీసు వాళ్లు ఇచ్చిన పాటల పుస్తకానికి అట్ట ఉంది గానీ లోపల పేజీలు లేవు. అడిగితే చూస్తామంటున్నారు. మీరు పెద్ద కవయిత్రి కాబట్టి 'ణ'తో మొదలయ్యే పాట ఒక్కటి, చిన్నదైనా ఫరవాలేదు, పంపగలరా అని అడిగింది.

 వెనకాల ఎవరో లోపల్లోపలే 'ణ'తో మొదలయ్యే మాట కోసం ప్రయత్నించి మానుకున్నారు.

"మూడేండ్లా?" అంది గంగరత్నమ్మ.

"మూడేళ్లండి."

"ఒగ పాట కూడా లేదా?"

"ఆ అక్షరంతో మాటే లేదమ్మా, ఇంక పాటెక్కడిది."

గంగరత్నమ్మ బిందె మీద నుంచి చెయ్యి తీసింది. మనకు రెండు నూర్ల పదమూడు ఇచ్చినారు కదా అని ఎవరో అన్నారు. పైగా సొంతంగా రాసుకోనిచ్చినారు అని ఇంకొకరు. బట్టలు కూడా తెల్లగా అయ్యాయని మూడోవారు గుర్తు చేశారు. ఇంతమాత్రానికి రచ్చ చేస్తిమే అని ఓబులపతి నొచ్చుకున్నాడు. అతనే ముందు సంతకం పెట్టాడు. తర్వాత వరుస కట్టారు. హుస్సేనప్ప వేళ్లు మడతపడక వేలిముద్ర వేశాడు. చివరిది పీరమ్మది. ఆమె కలం పట్టుకుని చాలాసేపు నిలబడింది. శ్రీకంఠం ఆమె పెట్టదేమోనని ఎదురుచూశాడు. పెట్టకపోతే ఉత్తర్వు ఇప్పటికీ ఆగుతుంది. ఆమె పెట్టింది. శాలువా కప్పారు. మైకు విప్పి జీపులో వేశారు.

త్సురుకో ఉత్తరం పురపాలక సంఘానికి ఎంతో నచ్చింది. దాని నకళ్లు తీయించి ముప్పై ఒక్క వార్డుల్లో కుళాయి దిమ్మెల మీద అతికించమని కౌన్సిల్ తీర్మానించింది. ఆ నెల నీళ్ల గురించి ఊరు మొత్తం మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. పీరమ్మ మాత్రం ఆ ఉత్తరానికి ఇంకా జవాబు రాయలేదు. పొద్దున నాలుగున్నరకు అందరితోపాటు ఆమె కూడా కడవ ఎత్తుకుని క్వారీకి నడుస్తుంది. దారి రెండు కిలోమీటర్లు. మధ్యలో ఎత్తు ఒకటి ఉంది. అక్కడికి వచ్చేసరికి ఆడవాళ్లు ఆ జపాను పేట గురించి మాట్లాడుకుంటారు. ఎట్ల బతుకుతాండారో పాపం అనుకుంటారు. వాళ్లను తలుచుకుంటే కడవ బరువే తెలియడం లేదని గంగరత్నమ్మ అంటుంది. మిగతా వాళ్లు అవునంటారు.